పానాల సందూక్‌కీ ఒక తారీఖ్ ఉంది



పోయిన బర్సాత్‌లో ఒకరోజు ఫజర్ నమాజ్ అయ్యాక, తెల్లాపూర్‌లో మా గల్లీలోనే ఉండే ఏసీ మెకానిక్ భాయి ఇంటికొచ్చి కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది. ఛోటా హాథీ బండికి బిగించిన టూల్ బాక్స్‌లోకి రాత్రంతా వాన నీళ్లు దిగాయట. పొద్దున మూత ఎత్తి చూస్తే డ్రిల్ మెషీన్ నీళ్లలో ఉంది. వాక్యూమ్ పంపు తిరగడం లేదు. పానాల సెట్టు మీద ఎర్రగా జంగ్ పట్టింది. ఆ డబ్బా కొని ఏడాదిన్నర కూడా కాలేదు.

"సస్తాలో వచ్చిందని తీసుకున్నా భాయ్. డబ్బా పోతే పోయింది, ఔజార్ పోయినయ్. ఔజార్ పోతే ఉస్తాద్ కూడా కూలీనే. ఈసారి ఎట్లాంటిది తీసుకోవాలో చెప్పు, నువ్వు కితాబులు చదువుతావ్ కదా" అన్నాడు.

నేను చదివేది చరిత్ర. డబ్బాల సంగతి నాకేం తెలుసు అనుకున్నాను. కానీ ఆలోచిస్తూ పోతే అతని సవాల్‌కి జవాబు చాలావరకు చరిత్రలోనే దొరికింది. అదీ ఎక్కడిదో కాదు, మన సికింద్రాబాద్ నుంచి సంగారెడ్డి దాకా ఉన్న ఈ దారి చరిత్రలో. తారీఖు అంటే మనకు క్యాలెండర్‌లో అంకె గుర్తొస్తుంది. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా. ఆ లెక్కన ఇది పానాల సందూక్ తారీఖ్.

ముందు మాటల సంగతి

సందూక్ అరబీ మాట. నానీమా జహేజ్‌లో వచ్చిన సందూక్ గురించి వినని ముస్లిం ఇల్లు మనలో తక్కువ. బట్టలు, కాగితాలు, నాలుగు వెండి వస్తువులు, అడుగున నఫ్తలీన్ గోలీలు. ఇంట్లో ఆడవాళ్ల సందూక్‌కి ఎంత ఇజ్జత్ ఉండేదో, కార్ఖానాలో ఉస్తాద్ గారి పేటీకి అంత ఇజ్జత్ ఉండేది. షాగిర్ద్ చేరిన కొత్తలో దాన్ని తెరిచే ఇజాజత్ కూడా ఉండేది కాదు.

అందులో సామాను పేర్లు చూడండి: పానా, పేచ్‌కస్, హథోడీ, ఛేనీ, రేతీ. పటాన్‌చెరు షెడ్డుల్లో మన పిల్లలే కాదు, పక్కన పనిచేసే యాదయ్యలు, మల్లేశులు కూడా ఇవే మాటలు వాడతారు. పని నేర్పినవాళ్ల జబాన్ పనితోపాటే వచ్చింది.

మూతను పెట్టెకు కలిపే మడతబందును ఉర్దూలో ఖబ్జా అంటారు. తెల్లాపూర్‌లో కబ్జా అంటే అందరూ ప్లాటు కాగితాలు చూసుకుంటారు. వెల్డింగ్ దుకాణంలో మాత్రం నాలుగు అంగుళాల కబ్జాకు రేటు చెబుతారు. ఇక జంగ్ ఉంది. యుద్ధాన్నీ జంగ్ అంటాం, తుప్పునూ జంగ్ అంటాం. ఉర్దూలో రెండింటి అక్షరాలు వేరు, తెలుగులో రాస్తే ఒకటే. ఇనుప పెట్టె కొన్న మనిషికి ఆ రెండూ నిజంగా ఒకటే.

తాళం పెట్టెలోనే ఉండాలి

ఇనుముకు మన దీన్‌లో ఉన్న స్థానం అందరికీ తెలుసు. ఖురాన్ షరీఫ్‌లో 57వ సూరహ్ పేరే అల్-హదీద్, అంటే ఇనుము. అల్లాహ్ దావూద్ అలైహిస్సలాం కోసం ఇనుమును మెత్తగా చేశాడని ఖురాన్ చెబుతుంది. ఆయన పైగంబర్ అయివుండి కూడా తన చేతి కష్టంతోనే తినేవారని హదీసు ఉంది.

పెట్టె భద్రంగా ఉండడమెలా అన్నది కూడా మన పెద్దలు బాగా ఆలోచించిన విషయమే. దియార్‌బకర్‌లో అర్తుఖీ సుల్తానుల కొలువులో పనిచేసిన ఇంజనీరు అల్-జజరీ 1206లో యంత్రాల మీద ఒక పెద్ద కితాబ్ పూర్తి చేశాడు. నీటి గడియారాలు, నీళ్లు తోడే యంత్రాలతో పాటు, చాబీ లేకుండా అక్షరాల చక్రాలు తిప్పి తెరిచే సందూక్ తాళం కూడా అందులో ఉంది. ఆయన ఊహే కాదది. అంతకు కొన్నేళ్ల ముందు, హిజ్రీ 597లో, అంటే 1200-01లో, ముహమ్మద్ బిన్ హామిద్ అల్-అస్తుర్లాబీ అల్-ఇస్ఫహానీ చేసిన అలాంటి పెట్టె ఈ రోజుకీ కోపెన్‌హాగెన్‌లోని డేవిడ్ కలెక్షన్ మ్యూజియంలో ఉంది. మూత మీద నాలుగు చక్రాలు. నాలుగూ సరైన చోటికి వస్తేనే తెరుచుకుంటుంది.

మన భాయికి దీనివల్ల ఫాయిదా ఏమిటి? ఆ పెట్టెలో తాళం మూతలో భాగం. చక్రాలు బయటకు కనిపిస్తాయి, పట్టి ఉంచే యంత్రం లోపల ఉంటుంది. మన బజార్ డబ్బాలకు బయట రెండు నట్లతో ఒక కుండీ బిగించి, దానికి పెద్ద తాళం కప్ప వేలాడదీస్తారు. దొంగ తాళం జోలికి పోడు. పానాతో ఆ నట్లే విప్పేస్తాడు. తాళం ఎంత ఖరీదైనదైనా, అది పట్టుకున్న చోటు ఎంత గట్టిదో అంతే దాని బలం. తాళం లోపలే అమర్చిన పెట్టె తీసుకోవాలి. అది దొరక్కపోతే కుండీని వెల్డింగ్ చేయించాలి. కబ్జాల పిన్నులు బయటికి ఉంటే అవీ ఊడిరాకుండా చివరలు అతికించాలి. ఇది మొదటి సబఖ్.

రైలు తెచ్చిన క్రమం

ఇక తెల్లాపూర్‌కి వద్దాం. మన ఊరి మీదుగా పోయే సికింద్రాబాద్–వాడి రైలు దారి 1874లో మొదలైంది. నిజాం రాజ్యాన్ని బొంబాయి వైపు లైనుతో కలిపింది అదే. రైలుతో పాటు ఈ ప్రాంతానికి ఒక కొత్త అలవాటు వచ్చింది: బండి కదిలితే దానితో పాటు ఔజార్ పెట్టె కూడా కదలాలి.

రైల్వేలో డ్రైవరుకు, గార్డుకు ఇనుప పెట్టెలు ఉండేవి. లైన్ బాక్స్ అంటారు. డ్యూటీ ఎక్కేటప్పుడు కూలీ దాన్ని మోసుకొచ్చి బండిలో పెట్టడం, దిగేటప్పుడు దించడం చిన్నప్పుడు స్టేషన్లలో చూసినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. జెండాలు, దీపం, పట్టాల మీద పెట్టే పటాకీలు, ఫస్ట్ ఎయిడ్ సామాను. ఏ పెట్టెలో ఏముండాలో ఫెహరిస్త్ ఉంటుంది. అది ఎవరి జిమ్మాలో ఉందో తెలుస్తుంది. నడిదారిలో బండి ఆగితే 'ఇంట్లో మర్చిపోయాను' అనే మాట చెల్లదు.

ఇది రెండో సబఖ్. పెట్టె కొనేముందు ఫెహరిస్త్ రాయాలి. రోజూ కావలసినవి ఏవి, వారానికోసారి కావలసినవి ఏవి, అన్నిటికన్నా పొడవైన సామాను ఎంత పొడవు. దాన్నిబట్టి పెట్టె కొలత. మనవాళ్లు ముందు పెట్టె కొని తర్వాత సామాను కుక్కుతారు. అప్పుడు పంపు మీద హథోడీ పడుతుంది.

1932: బస్సు వెంట మిస్త్రీ

1930లో నిజాం సర్కార్ రైల్వేను పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, అదే నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు అప్పటివే. ఈనాటి మన ఆర్టీసీకి మూలం అదే.

ఆనాటి సడక్‌లను ఒకసారి ఊహించుకోండి. ఊరికీ ఊరికీ మధ్య పంక్చర్ దుకాణం లేదు, ఫోను లేదు. బండి ఆగిపోతే అక్కడే బాగుచేసుకోవాలి. మోటారు పని కొత్త హునర్. కమ్మరి కొలిమి దగ్గర, గుర్రబ్బండి అడ్డా దగ్గర, రైల్వే వర్క్‌షాపులో చేతులు అలవాటైనవాళ్లు ఈ హునర్‌లోకి వచ్చారు. వాళ్లలో మనవాళ్లు చాలామంది. దఫ్తర్ నౌకరీలు పోలీస్ చర్య తర్వాత ఎందరికో చేజారాయి. చేతిలో పానా ఉన్నవాడు మాత్రం ఏ హుకూమత్ వచ్చినా తిండి సంపాదించుకున్నాడు.

సనత్‌నగర్ రేకు

నిజాం సర్కార్ పరిశ్రమలకు పెట్టుబడి ఇవ్వడానికి 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టింది. ఆ ఫండు, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి 1942లో హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ మొదలుపెట్టాయి. మరుసటి ఏడు, 1943లో, కవాడిగూడలో ప్రాగా టూల్స్ వచ్చింది. ఒకటి రేకును మలిచే కార్ఖానా, ఇంకొకటి ఔజార్ చేసే కార్ఖానా. ఆల్విన్ ఉన్న సనత్‌నగర్ పేరులోనే ఆ కథ ఉంది. సన్అత్ అంటే పరిశ్రమ.

ఆల్విన్ బీరువా ఇంట్లో ఉంటే అది ఖాందానీ ఇల్లని అనుకునే రోజులు ఉండేవి. ఆల్విన్ బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, గడియారాలు కూడా చేసింది. బీరువా అయినా బస్సు బాడీ అయినా అసలు హునర్ ఒకటే: పల్చటి రేకును ఎలా మడిస్తే అది గట్టిదవుతుంది? ఒక కాగితాన్ని అంచు పట్టుకుంటే వంగిపోతుంది. మధ్యలో ఒక మడత పెడితే నిలబడుతుంది. రేకూ అంతే. మంచి పెట్టెకు మూత అంచులు లోపలికి రెండుసార్లు మడిచి ఉంటాయి. పలకల మీద ఉబ్బెత్తు గీతలుంటాయి. చెయ్యి పెట్టి నొక్కితే డబడబ చప్పుడు చేసేది మంచి పెట్టె కాదు.

రేకు మందం గేజ్‌లో చెబుతారు. ఇక్కడ చాలామంది ధోకా తింటారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చన అవుతుంది. 16 గేజ్ అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 గేజ్ 1.2, 20 గేజ్ 0.9. మన భాయి '20 గేజ్' అంటే ఎక్కువ గట్టిదనుకున్నాడు. పని బండికి 18 గేజ్ కన్నా పల్చన వద్దు. బరువైన సామాను ఉంటే అడుగు పలకకు 16 గేజ్ వేయించాలి.

పటాన్‌చెరు గాలి, జస్తా కుర్బానీ

1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. ఆ దశాబ్దంలోనే పారిశ్రామిక వాడ పెరిగింది. మందుల కంపెనీలు, రసాయన కంపెనీలు, వాటికి తోడు ఫ్యాబ్రికేషన్ షెడ్లు, లారీల అడ్డాలు. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ. వేలమందికి రోజీ దొరికింది. దానికి కట్టిన మూల్యమూ ఉంది. పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల మురుగు నక్కవాగులో కలిసి పంటలు, బావులు ఖరాబ్ అయ్యాయని 1990లో కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది.

మనుషులకు హాని చేసే గాలి ఇనుమును వదులుతుందా? యాసిడ్ ఆవిర్లు ఉన్నచోట ఉత్త ఇనుము త్వరగా జంగ్ పడుతుంది. రసాయన కంపెనీల్లో పనికి పోయే బండి, పూలతోటలో నిలిపే బండి ఒకటి కాదు.

ఇక్కడ మన ఇళ్లలో తెలిసిన ఒక విషయం గుర్తు చేస్తాను. రాగి, ఇత్తడి దేగిశాలకు కళాయి వేయించేవాళ్లం. కళాయి అంటే తగరం పూత. అదే తగరం ఇనుప రేకు మీద వేస్తే డబ్బా రేకు అవుతుంది. దానికొక ఐబ్ ఉంది. గీత పడి లోపలి ఇనుము బయటపడితే, తగరం తాను భద్రంగా ఉండి ఇనుమును ఇంకా తొందరగా జంగ్‌కు వదిలేస్తుంది. జింక్ దీనికి పూర్తిగా ఉల్టా. ఉర్దూలో దాన్ని జస్త్ అంటారు, వాడుకలో జస్తా. గీత పడినచోట జస్తా ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. తాను కుర్బాన్ అయి పక్కవాణ్ణి బతికిస్తుంది. ఇనుముకు వేడి జస్తా పూత వేసే పద్ధతికి ఫ్రాన్స్‌లో సోరెల్ 1837లో పేటెంట్ తీసుకున్నాడు. మనం జీఐ రేకు అనేది అదే.

జస్తా మనకు ఫ్రాన్స్ నుంచి వచ్చిన కొత్త చుట్టం కాదు. సంగారెడ్డి, జహీరాబాద్ దాటితే వచ్చే బీదర్‌లో బిద్రీ పని చేసే ఉస్తాద్‌లు వందల ఏళ్లుగా పోత పోస్తున్నది జస్తానే. దానిలో కొంచెం రాగి కలిపి, వెండి పొదిగి, కోట మట్టితో నల్లగా చేస్తారు.

కాబట్టి పటాన్‌చెరు వైపు తిరిగే బండికి జీఐ రేకు పెట్టె, దాని మీద పౌడర్ కోటింగ్. వెల్డింగ్ చేసినచోట జస్తా కాలిపోతుంది. జంగ్ అక్కడే మొదలవుతుంది. అతుకుల మీద జింక్ పెయింట్ వేశారా అని అడగండి. ఉత్త ఇనుము మీద నిగనిగలాడే రంగు చూసి పడిపోవద్దు. మన భాయి డబ్బా సరిగ్గా అలాంటిదే.

ఛోటా హాథీ లెక్క

పాత లారీల్లో టూల్ బాక్స్ ఛాసిస్ పక్కన, కింద ఉండేది. 1980ల్లో డీసీఎం టయోటా వ్యాన్లు వచ్చాయి. కంపెనీ పోయినా మన దగ్గర ఆ సైజు బండికి డీసీఎం పేరే నిలిచిపోయింది. జహీరాబాద్‌లో ఆల్విన్ కూడా నిస్సాన్ సహకారంతో చిన్న లారీలు చేసింది. ఆ కార్ఖానా తర్వాత మహీంద్రా చేతికి పోయింది. 2005లో టాటా ఏస్ వచ్చింది. జనం దానికి ఛోటా హాథీ అని పేరు పెట్టారు. అంతకుముందు సైకిల్ మీద, స్కూటర్ మీద సంచీతో తిరిగిన మిస్త్రీ మొదటిసారి బండి మాలిక్ అయ్యాడు. పెట్టె కూడా అతని వెంట బండెక్కింది.

చిన్న బండిలో ప్రతి కిలోకీ లెక్క ఉంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు పెట్టె అనుకోండి. 18 గేజ్ ఇనుముతో చేస్తే రేకు బరువే సుమారు 25 కిలోలు. 16 గేజ్‌తో 33. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియంతో 14. అల్యూమినియం తేలిక, జంగ్ పట్టదు, ధర ఎక్కువ. కానీ దాన్ని ఇనుప బోల్టులతో నేరుగా ఇనుప ఛాసిస్‌కు బిగిస్తే, తడి తగిలినచోట అల్యూమినియం తినేసుకుపోతుంది. మధ్యలో రబ్బరు వాషర్లు వేయాలి. ప్లాస్టిక్ పెట్టెకు జంగ్ భయం లేదు. మన ఎండకు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది. దొంగకు కత్తి చాలు.

బిగించేటప్పుడు పల్చటి రేకుకు రెండు బోల్టులు కొట్టి వదిలేయొద్దు. అడుగున పట్టీ వేసి ఛాసిస్‌కు లేదా గట్టి ఫ్రేముకు బిగించాలి. బోల్టులను బయటినుంచి విప్పలేనట్టు బిగించాలి. మూత వాలుగా, అంచులు బయటికి జారి ఉండాలి. లోపల రబ్బరు బీడింగ్ ఉండాలి. ఎంత చేసినా ఏదో ఒకరోజు నీరు దిగుతుంది. అందుకే అడుగున మూలల్లో చిన్న రంధ్రాలు, సామాను కింద అంగుళం ఎత్తున చెక్క పలకో రబ్బరు మ్యాటో ఉండాలి. నీళ్లు రాని పెట్టె దొరకడం కష్టం. వచ్చిన నీళ్లు నిలవని పెట్టె మాత్రం చేయించుకోవచ్చు.

ఒక మాట గట్టిగా చెబుతాను. గ్యాస్ సిలిండర్లు, ఏసీ గ్యాస్ అయినా, బ్రేజింగ్ గ్యాస్ అయినా, మూసిన పెట్టెలో పెట్టొద్దు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే అడుగున చేరుతుంది. ఒక నిప్పురవ్వ చాలు. సిలిండర్‌ను గాలి ఆడేచోట నిలబెట్టి పట్టీతో కట్టాలి.

పెట్టెలో మిగిలింది

ఇదంతా ఒక డబ్బా కోసమా అని మీరు అడగొచ్చు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ముస్లింలలో సొంత పని మీద బతికేవాళ్లు ఎక్కువని, మోటారు రిపేరు, రవాణా, లోహపు సామాను తయారీ వంటి పనుల్లో మనవాళ్ల వాటా గట్టిదని చెప్పింది. అంటే మన ఖాందాన్లలో చాలామందికి ఆస్తి అంటే పొలం కాదు, షేర్లు కాదు. బండి వెనక ఉన్న ఆ పెట్టె.

ఆల్విన్ 1990ల్లో ముక్కలైంది. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌లో కలిసింది. ప్రాగా టూల్స్ హెచ్ఎంటీ కిందికి పోయింది. గేటు మూసినప్పుడు కార్మికుడు ఇంటికి తెచ్చుకున్నది తన చేతి హునర్ ఒక్కటే. ఆ హునర్‌కి ఔజార్ తోడైతే దుకాణం అయింది, లేకపోతే అడ్డా మీద కూలీ అయింది. ఈరోజు తెల్లాపూర్ టవర్లలో ఏసీలు బిగించే పిల్లలు, కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల నుంచి పొద్దున్నే బండి తీసే ప్లంబర్లు ఆ సిల్‌సిలాలోనివాళ్లే. పెద్ద కార్ఖానాల తారీఖ్ ఇప్పుడు చిన్న పెట్టెల్లో ఉంది.

మా భాయి చివరికి రామచంద్రాపురంలో ఒక షెడ్డులో 18 గేజ్ జీఐ రేకుతో పెట్టె చేయించుకున్నాడు. నేను చెప్పినవన్నీ రాసుకుపోయాడు. ఒక్కటి మాత్రం నేను చెప్పలేదు, భాభీ చేసింది. స్కూల్ నోట్‌బుక్‌లో ప్రతి పానా సైజు, ప్రతి మెషీన్ నంబరు రాసింది, బిల్లుల ఫోటోలు తీసి పెట్టింది. ప్రతి జుమ్మా రోజు పెట్టె ఖాళీ చేసి, తుడిచి, నూనె గుడ్డతో రాసి మళ్లీ సర్దుతారు. వాళ్ల పదేళ్ల కొడుకు పేరు చదువుతాడు, అబ్బా సామాను చూపిస్తాడు. రైల్వే గార్డు ఫెహరిస్త్ నూట యాభై ఏళ్లకు తెల్లాపూర్‌లో ఒక ఇంట్లోకి వచ్చింది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా బండికి పెట్టె కొనబోతుంటే ధర అడిగేముందు మూత ఎత్తి, అడుగు చూసి, అతుకులు తడిమి చూడమనండి. అల్లాహ్ అందరి రోజీలో బర్కత్ ఇవ్వాలి, చేతుల్లో హునర్‌ని, పెట్టెల్లో ఔజార్‌ని సలామత్‌గా ఉంచాలి. ఆమీన్.

ఖుదా హాఫిజ్.